అందరి వేళ్లకూ అందే యాప్

పిల్లలూ! నాకు జరిగిన ఒక చిన్న నష్టంతో ఈ వ్యాసం మొదలుపెడతాను.

నాకు యాభై ఏళ్లు దాటాయి. చత్వారం వచ్చి చాలాకాలమయింది. ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? సంస్కృతంలో నలభైని 'చత్వారింశత్' అంటారు. నలభై దాటాక మన కంటిలోని కటకం క్రమంగా బిగుసుకుపోతుంది. దగ్గరి వస్తువులను స్పష్టంగా చూడటానికి తగినట్లు అది ఉబ్బలేదు. అదే చత్వారం. ఇది జబ్బు కాదు, వయసు. బతికి ఉంటే మీకూ, నాకూ, అందరికీ వచ్చేదే.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఏర్పేడు బస్టాపులో నిలబడి ఫోనులో కరెంటు బిల్లు కడదామనుకున్నాను. కళ్లద్దాలు ఇంట్లో మరచిపోయాను. ఎండ నడినెత్తిన ఉంది. యాప్‌లోని అక్షరాలు సన్నగా, బూడిదరంగులో ఉన్నాయి. 'చెల్లించు' అనే బటన్ నొక్కాను. తెరమీద ఏ మార్పూ కనిపించలేదు. నొక్కుడు సరిగా పడలేదేమోనని మళ్లీ నొక్కాను. సాయంత్రం చూసుకుంటే డబ్బు రెండుసార్లు పోయింది! అది తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది.

మరునాడు తొమ్మిదో తరగతిలో ఈ సంగతి చెప్పి, "తప్పు ఎవరిది?" అని అడిగాను. "మీదే సార్, కళ్లద్దాలు మరిచారు కదా!" అన్నారు చాలామంది. చివరి బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం లేచి, "సార్, మొదటిసారి నొక్కగానే 'ఆగండి, డబ్బు వెళుతోంది' అని ఫోను చెప్పి ఉంటే మీరు రెండోసారి నొక్కేవారా?" అంది.

చూశారా! అసలు ప్రశ్న అదే. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ మేము మూడు నెలలు గడిపాము. తెలుసుకున్న సంగతులు మీకు చెబుతాను.

యాప్ లోపల ఏముంది?

యాప్ అంటే ఫోనుకు మనం రాసి ఇచ్చే ఆదేశాల పట్టిక. దాన్ని ఒక హోటలుతో పోల్చవచ్చు. మనం కూర్చునే హాలు ఒకటి, వంటగది ఒకటి, సరుకుల గది ఒకటి. యాప్‌లో మనకు కనిపించే తెర హాలు వంటిది. లెక్కలు చేసి నిర్ణయాలు తీసుకొనే భాగం వంటగది. సమాచారాన్ని దాచి ఉంచే చోటు సరుకుల గది. ఇంట్లో లేని సరుకు కోసం బజారుకు మనిషిని పంపినట్లు, యాప్ కూడా ఇంటర్నెట్ ద్వారా దూరాన ఉన్న సర్వర్ అనే పెద్ద కంప్యూటరును అడుగుతుంది.

మనం తెరను ముట్టుకున్నప్పుడు ఏం జరుగుతుంది? అద్దం కింద కంటికి కనిపించనంత పలుచని వాహకాల వల ఒకటి ఉంటుంది. మన శరీరం విద్యుద్వాహకం. వేలు తగిలిన చోట ఆ వలలోని విద్యుత్ ఆవేశపు నిల్వ కొంచెం మారుతుంది. మార్పు ఎక్కడ జరిగిందో ఫోను కనిపెట్టి, మీరు గ్రాఫు కాగితం మీద బిందువును గుర్తించినట్లే, ఎక్స్, వై నిరూపకాలుగా రాసుకొంటుంది. ఆ బిందువు ఏ బటన్ హద్దులలో పడిందో చూసి, ఆ బటన్‌కు చెందిన ఆదేశాలను నడుపుతుంది. తడి చేతితో ముడితే ఫోను తికమక పడటానికి కారణం ఇప్పుడు తెలిసిందా? నీళ్లు కూడా ఆవేశపు నిల్వను మార్చగలవు కాబట్టి.

చాలా ఫోన్ల తెర సెకనుకు 60 సార్లు కొత్తగా గీయబడుతుంది. అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 1000 ÷ 60, అనగా ఇంచుమించు 17 మిల్లీసెకన్లు. తెరను గీసే పనివాడికే బరువైన లెక్క కూడా అప్పగిస్తే తెర కొయ్యబారిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఒక యాప్ మన స్పర్శకు 5 సెకన్లదాకా బదులు చెప్పకపోతే, "ఇది స్పందించడం లేదు, మూసివేయమంటారా?" అని ఫోనే అడుగుతుంది. అందుకే మంచి పనితనం గల యాప్‌లో పెద్ద పనులన్నీ తెరవెనుక వేరే పనివాడు చూసుకుంటాడు. తెరముందు ఉన్నవాడు మనకు ఎప్పటికప్పుడు కబురు చెబుతూనే ఉంటాడు.

నా కరెంటు బిల్లు విషయంలో ఏం చేసి ఉండవలసింది? రెండు పనులు. మొదటిది: నొక్కగానే బటన్ రూపం మారి, "చెల్లింపు జరుగుతోంది" అని చూపాలి, మళ్లీ నొక్కినా పనిచేయకూడదు. రెండవది: ప్రతి చెల్లింపుకూ యాప్ ముందే ఒక ప్రత్యేక సంఖ్యను ఇవ్వాలి. అదే సంఖ్యతో రెండో విన్నపం వస్తే, "ఇది ఇంతకు ముందు వచ్చినదే" అని సర్వర్ పక్కన పెట్టేస్తుంది. హాజరు పట్టీలో ఒకే నంబరును రెండుసార్లు పిలిచినా హాజరు ఒక్కటే పడుతుంది కదా! ఇది అటువంటిదే.

ముందు పెన్సిలు, తర్వాతే కంప్యూటరు

మా ఏర్పేడు మండలంలో 2015లో మొదలైన ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి అనే రెండు జాతీయ సంస్థల ప్రాంగణాలు ఉన్నాయి. యాప్‌లు తయారుచేయడం అటువంటి చోట చదివేవారికే సాధ్యమని మా పిల్లల నమ్మకం. ప్రోగ్రాము రాయడానికి కొంత చదువు కావాలి, నిజమే. కాని యాప్‌కు రూపం ఇవ్వడం తెల్ల కాగితం మీద మొదలవుతుంది. దానికి పెన్సిలు, రబ్బరు, ఓపిక చాలు.

మా తరగతివారు తిరుపతి, శ్రీకాళహస్తి బస్సుల వేళలు చెప్పే యాప్‌ను ఊహించుకున్నారు. ఫోను తెరంత అట్టముక్కలు కత్తిరించి, ఒక్కో తెరను ఒక్కో అట్టమీద గీశారు. వేలితో ముట్టుకోగానే ఒక పిల్లవాడు అట్ట మారుస్తాడు. ఇదే మా ఫోను! బొమ్మలు ముచ్చటగా కుదిరాయి. బస్సు బొమ్మ, గడియారం బొమ్మ, గంట బొమ్మ. వాటి కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు. "అందంగా ఉండాలి కదా సార్!" అన్నారు.

"సరే, ఈ అందం ఎందరికి పనికొస్తుందో చూసి వద్దాం పదండి" అని బస్టాపు దగ్గరకు తీసుకువెళ్లాను.

మొదట పూలమ్మే అవ్వకు చూపించాము. ఆమెకు చదువు రాదు. బస్సు బొమ్మను చూడగానే వేలు పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత చేలో నుంచి శనక్కాయల మూటతో వచ్చిన రైతు ఒకాయన చూశాడు. మట్టి అంటిన లావుపాటి వేలు పెడితే, అది పక్కపక్కనున్న రెండు బొమ్మలనూ కప్పేసింది. ఏ బొమ్మను ముట్టుకున్నాడో మాకే తెలియలేదు.

ఆ తర్వాత అక్కడే చిన్న అంగడి నడుపుతున్న ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్లాము. ఆయనకు చూపు లేదు. ఫోను మాత్రం మా అందరికంటే వేగంగా వాడతాడు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము ఆయన ఫోనులో ఉంది. మా అట్టఫోనుకు గొంతు లేదు కాబట్టి ఒక అబ్బాయి గొంతు అయ్యాడు. ఒకటే నియమం: బటన్ మీద పేరు రాసి ఉంటే ఆ పేరు చదవాలి, లేకపోతే "పేరు లేని బటన్" అనాలి.

ఆయన మొదటి బొమ్మమీద వేలు పెట్టాడు. "పేరు లేని బటన్" అన్నాడు మావాడు. రెండోదాని మీద పెట్టాడు. "పేరు లేని బటన్." మూడోది. "పేరు లేని బటన్." ఆ మూడోసారికి మావాడి గొంతు తగ్గిపోయింది.

ఆయన నవ్వి, "మూడు తలుపులుండాయి, ఒక తలుపుకీ పేరు లేదు. నేను ఏది తట్టేది నాయనా?" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలెవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. బడికి రాగానే అట్టముక్కలు బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టారు.

తెరను చదివే గొంతు

ఆ పెద్దమనిషి ఫోనులోని ప్రోగ్రాము ఎలా పనిచేస్తుంది? మనం తెరమీద బొమ్మను చూస్తాం. ఫోనుకు మాత్రం ఆ తెర ఒక వంశవృక్షంలా తెలుస్తుంది. పెద్ద పెట్టె, దానిలో చిన్న పెట్టెలు, వాటిలో అక్షరాలు, బటన్లు. ప్రతిదానికి ఒక రకం, ఒక పేరు, ఒక స్థితి ఉంటాయి. తెరచదువరి ఆ వృక్షాన్ని కొమ్మ తర్వాత కొమ్మగా చదువుతుంది: "తిరుపతి. బటన్. ఎంపిక చేయబడింది." అక్షరాలు ఎలాగూ చదవబడతాయి. బొమ్మకు మాత్రం పేరు తయారుచేసినవారే పెట్టాలి. పెట్టడానికి పట్టేది ఒక వాక్యమంత శ్రమ. పెట్టకపోతే ఒక మనిషి గుమ్మం బయట నిలిచిపోతాడు.

ఈ సదుపాయం ఐఫోనులో 'వాయిస్ ఓవర్' పేరుతోనూ, ఆండ్రాయిడ్‌లో 'టాక్‌బ్యాక్' పేరుతోనూ 2009లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఈ మార్గం వేసినవారిలో టి. వి. రామన్ ఒకరు. ఆయన 1965లో పూణేలో పుట్టారు. పద్నాలుగేళ్ల వయసులో నీటికాసుల వ్యాధి వల్ల చూపు పూర్తిగా పోయింది. అయినా గణితం చదివి, ఐఐటీ బొంబాయిలో కంప్యూటరు విద్య నేర్చి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. అక్కడ ఆయన పరిశోధన ఏమిటో ఊహించగలరా? గణిత సూత్రాలను చెవికి అర్థమయ్యేలా కంప్యూటరుచేత చదివించడం! తనకు కావలసిన పనిముట్టును తానే తయారుచేసుకుని, పదిమందికీ ఇచ్చారు.

వేలెంత? బటనెంత?

రైతు వేలు మాకు నేర్పిన పాఠం కొలతల పాఠం. పిల్లలు సిరాలో ముంచిన చూపుడువేళ్ల ముద్రలు వేసి స్కేలుతో కొలిచారు. చాలావరకు సెంటీమీటరుకు అటూ ఇటూ వచ్చాయి.

తయారీదారులకు కూడా ఇటువంటి కొలతలే ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో 'డీపీ' అనే ప్రమాణం వాడతారు. 160 డీపీలు కలిస్తే ఒక అంగుళం. ముట్టుకోవలసిన ఏ వస్తువైనా కనీసం 48 డీపీలు ఉండాలని సూచన. 48 ÷ 160 = 0.3 అంగుళం. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కనుక ఇది సుమారు 7.6 మిల్లీమీటర్లు. ఫోనును బట్టి ఇది కొంచెం మారుతుంది. ఐఫోనుకు చెప్పే కొలత 44 పాయింట్లు. ఇందులో ఒక కిటుకు ఉంది. కనిపించే బొమ్మ చిన్నదైనా పరవాలేదు, స్పర్శను అందుకొనే హద్దు మాత్రం పెద్దదిగా ఉండాలి. చెరువు చిన్నదైనా దాని ఆయకట్టు పెద్దదిగా ఉన్నట్లు!

ఈ కొలత రైతుకు మాత్రమే కాదు. వణికే చేతులున్న ముసలివారికి, చంకలో బిడ్డనెత్తుకొన్న తల్లికి, కదిలే బస్సులో నిలబడిన మీకు కూడా అదే సాయం.

ఎండలో అక్షరాలు ఎందుకు మాయమవుతాయి?

ఇప్పుడు నా బూడిదరంగు అక్షరాల సంగతికి వద్దాం. అక్షరానికీ దాని వెనుక నేలకూ మధ్య వెలుగులో తేడా ఉంటేనే మనం చదవగలం. ఈ తేడాను సంఖ్యలో చెప్పే పద్ధతిని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ వారు 2008లో తమ మార్గదర్శకాలలో చేర్చారు. పూర్తి తెలుపు వెలుగును 1 అనీ, పూర్తి నలుపును 0 అనీ అనుకోవాలి. రెండింటికీ 0.05 కలిపి, ఎక్కువదాన్ని తక్కువదానితో భాగించాలి.

తెలుపు మీద నలుపు: 1.05 ÷ 0.05 = 21. ఇదే గరిష్ఠం.

మామూలు అక్షరాలకు ఈ నిష్పత్తి కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలి. ఒక రకం లేత బూడిదరంగు వెలుగు 0.32 అనుకుందాం. 1.05 ÷ 0.37 = 2.8. చాలదు. ముదురు బూడిదరంగు వెలుగు 0.10 అయితే 1.05 ÷ 0.15 = 7. భేషుగ్గా ఉంటుంది.

రంగుల విషయంలో మన కన్ను ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను సమానంగా చూడదు. ఆ లెక్కలో ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపు వాటా 0.2126, నీలం వాటా 0.0722. తెరమీద పసుపు అంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసినదే. దాని వెలుగు 0.9278. తెల్లకాగితం మీద పసుపు అక్షరాలు ఎందుకు కనిపించవో లెక్క కట్టి చూడండి. నిష్పత్తి 1.07 మాత్రమే! అదే నీలం అయితే 8.6 వస్తుంది. మీ నోటుపుస్తకాల్లో నీలం సిరా ఊరికే రాలేదు.

ఎండలో ఏమవుతుంది? సూర్యకాంతి తెర అద్దం మీద పడి పరావర్తనం చెందుతుంది. అది తెలుపుకూ నలుపుకూ సమానంగా వెలుగును కలుపుతుంది. ఆ కలిపినది 1 అనుకోండి. అప్పుడు నలుపు, తెలుపుల నిష్పత్తి 2.05 ÷ 1.05, అంటే 21 నుంచి సుమారు 2కు పడిపోయింది! మన లేత బూడిదరంగుకైతే 2.05 ÷ 1.37, అంటే 1.5. ఇక అక్షరం కనిపించేదెలా? చల్లని గదిలో కూర్చొని గీసిన తెరను ఏర్పేడు ఎండలో నిలబడి చూస్తే తప్పు బయటపడుతుంది.

మరో సంగతి. రంగు ఒక్కదానితోనే కబురు చెప్పకూడదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ మీకు తెలుసు కదా! ఆయనకు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలిసేది కాదు. తన చూపు గురించి తానే 1794లో ఒక సభలో వివరించాడు. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. అందుకే ఈ లోపం మగవారిలో ఎక్కువ. యూరోపు సంతతి మగవారిలో ఇంచుమించు 12 మందిలో ఒకరికి ఉంటుంది. బస్సు వచ్చిందంటే ఆకుపచ్చ చుక్క, రద్దయిందంటే ఎర్ర చుక్క పెట్టి ఊరుకుంటే డాల్టన్‌గారు బస్సు తప్పిపోతారు! చుక్క పక్కన 'వచ్చింది', 'రద్దు' అని రాస్తే సరిపోతుంది.

మన అక్షరం, మన చిక్కు

ఇంగ్లీషు అక్షరాలు చూసి గీసిన తెరలో తెలుగు రాస్తే ఏమవుతుంది? 'స్త్రీ' అనే మాటకు పైన గుడి ఉంది, కింద ఒత్తులు ఉన్నాయి. వరుసల మధ్య చోటు చాలకపోతే ఒత్తులు తెగిపోతాయి. తెగిన ఒత్తు అర్థాన్నే మార్చగలదు.

లెక్కలో కూడా చిక్కు ఉంది. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్ అనే ఏర్పాటు ఒకటి ఉంది. అందులో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు వేర్వేరు సంఖ్యలు. ఒత్తుకు విడిగా సంఖ్య లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తుగా గీయాలని ఫోనే తెలుసుకోవాలి. మనకు 'శ్రీకాళహస్తి'లో కనిపించేవి అయిదు అక్షరాలు: శ్రీ, కా, ళ, హ, స్తి. యంత్రానికి పన్నెండు: శ, పొల్లు, ర, ఈ గుడి, క, ఆ దీర్ఘం, ళ, హ, స, పొల్లు, త, ఇ గుడి. ఒక యాప్ తయారుచేసినవారు "ఊరి పేరుకు పది గుర్తులు చాలులే" అనుకున్నారనుకోండి. మన క్షేత్రం పేరు 'శ్రీకాళహస్' దగ్గర తెగిపోతుంది!

ఈ చిక్కు 2018లో ప్రపంచానికంతటికీ తెలిసివచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరపు ఒక కూర్పు ఐఫోన్లను కూలదోసింది. మనం మామూలుగా రాసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, 'ఇక్కడ కలపవద్దు' అని చెప్పే కంటికి కనిపించని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ అయిదూ వరుసగా వచ్చినప్పుడు వాటిని తెరమీద గీయబోయిన ప్రోగ్రాము తన జ్ఞాపకశక్తినే చెడగొట్టుకొని ఆగిపోయేది. ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే ఆ యాప్ తెరుచుకొనేది కాదు. నోటిఫికేషనుగా వస్తే కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ మొదటికి వచ్చేది. యాపిల్ కంపెనీవారు ఫిబ్రవరి 19న సవరించిన ప్రోగ్రామును విడుదల చేశారు.

కొందరు దీన్ని 'తెలుగు అక్షరం చేసిన దాడి' అని వేళాకోళం చేశారు. నిజానికి అక్షరం ఏ తప్పూ చేయలేదు. పంపిణీకి ముందు ఆ కూర్పును ఎవరూ పరీక్షించి పట్టుకోలేకపోయారు, అంతే. 'విజ్ఞానం' అనే మాటలోని అక్షరమే ఆ పాఠం నేర్పింది చూడండి! పరీక్ష చేయని దారి ఎంత చిన్నదైనా అక్కడ గొయ్యి ఉండవచ్చు.

ఇది దయ కాదు, హక్కు

కళ్లు లేనివారికీ, చెవులు వినిపించనివారికీ యాప్‌లు అందుబాటులో ఉంచడం దయాధర్మం అనుకునేవారున్నారు. మన చట్టం అలా అనదు. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అది 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. సమాచార సాధనాలు అందరికీ అందేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అని అందులో ఉంది.

బ్యాంకు ఖాతాకు ఫోనులో గుర్తింపు చూపేటప్పుడు కొన్ని యాప్‌లు "కళ్లు ఆర్పండి" అని అడుగుతాయి. ఎదుట ఉన్నది ఫొటో కాదు, బతికున్న మనిషి అని తేల్చుకోవడానికే. మరి చూపు లేనివారు, యాసిడ్ దాడిలో కనురెప్పలు కోల్పోయినవారు ఏం చేయాలి? వారు బతికిలేరా? ఇటువంటివారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. అందరికీ వీలయ్యే మార్గాలు ఏర్పాటు చేయమంటూ ఇరవై ఆదేశాలిచ్చింది.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న 'మణి' అనే యాప్‌ను విడుదల చేసింది. చూపు లేనివారు నోటును ఫోను కెమెరా ముందు పెడితే అది ఎన్ని రూపాయలదో గొంతుతో చెబుతుంది. వినికిడి కూడా లేనివారికి ఫోను కంపనాలతో తెలుపుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కంటికి, చెవికి, చేతికి మూడు దారులు! ఒక దారి మూసుకుపోతే ఇంకొకటి తెరిచి ఉండాలన్నదే ఇందులోని సూత్రం.

మళ్లీ బస్టాపు దగ్గర

మా పిల్లల రెండో అట్టఫోను మొదటిదానంత ముచ్చటగా లేదు. బొమ్మలు మూడే ఉన్నాయి, పెద్దవిగా ఉన్నాయి. ప్రతి బొమ్మ కింద ముదురు నల్లని తెలుగు అక్షరాలు. బొమ్మ వెనుక, గొంతు చదవడానికి ఒక వాక్యం. అవ్వకు బొమ్మ సరిపోయింది. రైతు వేలు ఒక్క బటన్ మీదే పడింది. అంగడి పెద్దమనిషి మొదటి బొమ్మమీద వేలు పెట్టగానే, "శ్రీకాళహస్తి బస్సు. ఇంకా పది నిమిషాల్లో. బటన్" అన్నాడు మావాడు, ఈసారి గట్టిగా.

ఆయన కాసేపు ఆగి, "సరే, పది నిమిషాల తర్వాత బస్సు రాకపోతే మీ ఫోను ఏమంటుంది?" అని అడిగాడు.

మేము దాన్ని ఆలోచించనే లేదు! ఇప్పుడు మూడో అట్టఫోను తయారవుతోంది.

చేసి చూడండి

1. పెద్దల అనుమతితో ఫోను సెట్టింగులలో తెరచదువరిని ఆన్ చేయండి. ముందు దాన్ని ఎలా ఆపాలో తెలుసుకోండి సుమా! అది పనిచేసేటప్పుడు ఒకసారి ముడితే చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తడితేనే బటన్ పనిచేస్తుంది. ఇప్పుడు కళ్లు మూసుకొని మీ స్నేహితునికి ఫోను చేయండి. పేరు లేని బటన్లు ఎన్ని తగిలాయో రాసుకోండి.

2. సెట్టింగులలో అక్షరాల సైజును గరిష్ఠంగా పెంచండి. ఏ యాప్‌లో తెలుగు ఒత్తులు తెగిపోతున్నాయో గమనించండి.

3. ఒకే తెరను గదిలోనూ, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ చూడండి. ముందుగా మాయమైన అక్షరం ఏ రంగుది?

4. మీ ఊరి పేరులో కనిపించే అక్షరాలు ఎన్ని? యంత్రం లెక్కలో ఎన్ని? మా 'ఏర్పేడు'లో కనిపించేవి మూడు, యంత్రానికి ఏడు. సరిగ్గా ఉందో లేదో మీరే లెక్కపెట్టండి.

5. మీ ఇంట్లో పెద్దవారొకరు ఫోను వాడుతున్నప్పుడు ఏమీ చెప్పకుండా పది నిమిషాలు పక్కన కూర్చొని చూడండి. వారు ఎక్కడ ఆగారో, ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. "నీకు చేతకాదు" అని ఫోను లాక్కోవద్దు. తడబాటు ఎక్కడ జరిగితే, మంచి యాప్ అక్కడి నుంచే మొదలవుతుంది.